లౌడ్ స్పీకరు వింటుందా?

జాతరకో, పెళ్ళికో మైకుసెట్టు పెట్టించడం మన ఊళ్ళలో మామూలే. మైకు మన మాట వింటుంది, లౌడ్ స్పీకరు దాన్నే పెద్దగా పలుకుతుంది. ఒకటి చెవి, ఒకటి నోరు అన్నమాట. మరి ఆ నోరే చెవిగా పనిచేస్తుందా అంటే, చేస్తుంది. ఎలాగో చూద్దాం.

స్పీకరు వెనకాల ఒక అయస్కాంతం, దాని సందులో సన్నని రాగితీగ చుట్ట ఉంటాయి. ఆ చుట్ట కాగితపు గరాటుకు అతికి ఉంటుంది. చుట్టలో విద్యుత్తు పారితే అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. దాంతో గరాటు కదిలి గాలిని కదుపుతుంది. మనకు శబ్దం వినిపిస్తుంది.

ఇప్పుడు దీన్ని తిరగేయండి. గరాటు ముందు మనం మాట్లాడితే, గాలి తాకిడికి గరాటూ చుట్టా కదులుతాయి. అయస్కాంతం దగ్గర తీగచుట్ట అలా కదిలితే అందులో విద్యుత్తు పుడుతుంది. ఈ సూత్రాన్ని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. పాటగాళ్ళు చేత పట్టుకునే డైనమిక్ మైకు లోపల ఉన్నదీ ఇదే ఏర్పాటు, చిన్న ఆకారంలో.

1877 నాటి బెల్ టెలిఫోన్లలో మాట్లాడడానికీ వినడానికీ ఒకే పరికరం ఉండేది. నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడి, తర్వాత చెవికి ఆనించుకునేవారు. ఓడల్లో ఈనాటికీ బ్యాటరీ అక్కరలేని టెలిఫోన్లు ఉంటాయి. కరెంటంతా పోయిన ఆపదలో కూడా అవి పలుకుతాయి. వాటిని నడిపే శక్తి మనిషి గొంతే.

అన్ని మైకులూ ఇలాంటివి కావు. పాత టెలిఫోన్లలోని బొగ్గు మైకు తానుగా విద్యుత్తు పుట్టించదు. బ్యాటరీ నుంచి వచ్చే విద్యుత్తును మాటకు తగ్గట్టు హెచ్చుతగ్గులు చేస్తుంది, అంతే.

పిల్లలు సరదాగా ఒకటి చేసి చూడవచ్చు. మూలపడిన బ్యాటరీ రేడియోల నుంచి రెండు స్పీకర్లు తీసి, రెండు పొడుగాటి తీగలతో కలపండి. ఒకరు ఒకదాని దగ్గరగా గట్టిగా మాట్లాడితే, రెండోదానికి చెవి ఆనించినవారికి సన్నగా వినిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. స్పీకరును మైకు చేయవచ్చు గదా అని, మైకును ఆంప్లిఫయరుకు స్పీకరులా తగిలించకండి. దానిలోని తీగ వెంట్రుక లాంటిది. ఆ ధాటికి కాలిపోతుంది. వందలో, వేలో పోసి కొన్న మైకు మళ్ళీ పలకదు. సెలవు.