తాడు లాగినా కదలని మిషను

భాద్రపద మాసం. కాలవ కింద వరి చేలు పచ్చగా ఉన్నాయి. ఆకుముడత పురుగు కనిపించింది. ఒక రైతు అటక మీది మందు కొట్టే మిషను దించాడు. పెట్రోలు పోశాడు. తాడు లాగాడు. ఒకసారి, రెండుసార్లు, ఇరవైసార్లు లాగాడు. చెయ్యి నొప్పి పుట్టింది గాని మిషను ఉలకలేదు, పలకలేదు.

"దీని పనైపోయింది. పాత ఇనప సామాన్ల కొట్లో వేసేద్దాం" అన్నాడు.

పక్కింటి కుర్రవాడు వచ్చి చూశాడు.

"బాబాయ్, దీన్ని కిందటిసారి ఎప్పుడు వాడావు?"

"మినుముకి కొట్టాను. సంక్రాంతి వెళ్ళాక."

"అప్పుడు మిగిలిన పెట్రోలు తీసేశావా?"

"ఎందుకు తీస్తాం? దాన్లోనే ఉంది."

"అయితే దీని పని అయిపోలేదు బాబాయ్. గొంతు పూడుకుపోయింది, అంతే."

ఇలాంటి మాటలు కృష్ణా డెల్టాలో ఏ ఊళ్ళోనైనా వినపడతాయి. మూలపడ్డ మిషన్లు ప్రతి ఊళ్ళో ఉన్నాయి. వాటిని కొని, బాగు చేసి, తిరిగి అమ్మడం ఖాళీ వేళల్లో చేసుకునే మంచి పని. అయితే దీనికి రెండు చేతులుంటే చాలదు. చదవడం, రాయడం, లెక్క వేయడం కూడా కావాలి. ఎందుకో చూద్దాం.

ఈ మిషన్లు ఎందుకు మూలపడతాయి?

విజయవాడ దగ్గర కృష్ణ మీద 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని చోట 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కణ్ణించి వచ్చే కాలవల కింద సార్వా వరి పండుతుంది. కోతకు రెండు మూడు రోజుల ముందు వరి చేలోనే మినుము చల్లుతారు. వరికీ, మినుముకీ పురుగు మందు కొడతారు. మినుము చేతికొచ్చాక మందు కొట్టే పని ఉండదు. మళ్ళీ నాట్లు పడేదాకా మిషను అటక మీదే. అంటే ఏడాదిలో నాలుగైదు నెలలు దానికి నిద్ర.

గట్ల మీద గడ్డి కోసే మిషను సంగతీ ఇంతే. వానాకాలంలో పని, ఎండాకాలంలో నిద్ర.

అమెరికాలో చాలామంది ఇళ్ళ ముందు పచ్చిక పెంచుతారు. దాన్ని కోయడానికి చక్రాల మిషను ఉంటుంది. చలికాలమంతా అది కొట్టంలో పడి ఉంటుంది. వసంతం రాగానే తాడు లాగితే కదలదు. కొందరు దాన్ని వీధిలో పారేస్తారు. వేరే వాళ్ళు తీసుకుపోయి, కడిగి, అమ్ముకుంటారు. అక్కడా ఇక్కడా జబ్బు ఒకటే.

జబ్బు ఏమిటి?

పెట్రోలు నిలవ ఉంటే చెడిపోతుంది. అందులో తేలిక భాగం గాలిలో కలిసిపోతుంది. మిగిలింది జిగురులా తయారవుతుంది. కార్బొరేటరులో జెట్టు అనే చిన్న బెజ్జం ఉంటుంది. అది సూది మొన అంత. జిగురు అందులో అడ్డం పడుతుంది. పెట్రోలు ఇంజనులోకి పోదు. ఇంకేం తిరుగుతుంది?

ఇప్పుడు మరో సంగతి కలిసింది. బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ ఒక రకం సారా. చెరకు నుంచి, ధాన్యం నుంచి దాన్ని తీస్తారు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే నీరు, ఇథనాల్ కలిసి ట్యాంకు అడుక్కి దిగుతాయి. పాత మిషన్లలో రబ్బరు గొట్టాలు కూడా దీనివల్ల బిరుసెక్కి పగులుతాయి.

కొనే ముందు ఏం చూడాలి?

తాడు మెల్లగా లాగండి. చేతికి బరువు తగిలి, వదిలి, మళ్ళీ తగిలితే పిస్టను బాగుందని గుర్తు. అసలు బరువే తెలియకుండా జారిపోతే రింగులు అరిగి ఉండొచ్చు. తాడు ఎంత లాగినా రాకపోతే పిస్టను పట్టేసి ఉండొచ్చు. అలాంటిది తుక్కు ధరకైతేనే కొనండి.

తర్వాత కాగితం అడగండి. మిషను కొన్న బిల్లు ఉందా? లేకపోతే అమ్మేవారి పేరు, ఊరు, తేదీ, ఇంజను నంబరు ఒక చీటీ మీద రాసి సంతకం తీసుకోండి. దొంగ సొత్తు అని తెలిసి గాని, అనుమానించడానికి కారణం ఉండి గాని కొంటే నేరం. ఇంతకు ముందు ఇది శిక్షాస్మృతిలో 411 సెక్షను. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 317 సెక్షను. మూడేళ్ళ దాకా జైలు పడవచ్చు. మరీ చవగ్గా వస్తోందంటే ఎందుకో అడగాలి.

బాగు చేసే వరస

తేలిక పని ముందు, కష్టం పని తర్వాత. ఈ వరస తప్పకండి.

మొదట పాత పెట్రోలు తీసెయ్యండి. ట్యాంకు అడుగున నీరు, మడ్డి లేకుండా కడగండి. ఈ పని ఆరుబయట చెయ్యాలి. దగ్గర్లో పొయ్యి, బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదు. తీసిన పెట్రోలు మురుగు కాలవలో పొయ్యకండి.

రెండోది ప్లగ్గు. దాన్ని ఊడదీసి రంగు చూడండి. గోధుమ రంగులో ఉంటే ఇంజను బాగా మండుతున్నట్టు. నల్లగా, తడిగా, మసిగా ఉంటే ఆయిలు ఎక్కువైందని గాని, గాలి అందడం లేదని గాని అర్థం. తెల్లగా ఉంటే ఇంజను మరీ వేడెక్కుతోందని అర్థం. ప్లగ్గు మొనల మధ్య సందు ఎక్కువ మిషన్లకు 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉండాలి.

నిప్పురవ్వ వస్తోందా లేదా చూడడానికి ఒక పద్ధతి ఉంది. కారిన పెట్రోలు తుడవండి. ట్యాంకు మూత బిగించి కాసేపు ఆగండి. ప్లగ్గును దాని తొడుగులో పెట్టి, ఇంజను లోహానికి ఆనించి, తాడు లాగండి. ప్లగ్గు ఊడదీసిన బెజ్జానికి దూరంగా ఆనించాలి. తొడుగును రబ్బరు దగ్గరే పట్టుకోవాలి. లేకపోతే షాకు కొడుతుంది. నీలం రంగు రవ్వ కనిపిస్తే కరెంటు బాగున్నట్టే.

మూడోది గాలి ఫిల్టరు. స్పాంజి రకమైతే సబ్బు నీళ్ళతో కడిగి, బాగా ఆరబెట్టండి. చినిగితే కొత్తది వెయ్యండి. ఫిల్టరు లేకుండా నడిపితే దుమ్ము లోపలికి పోయి పిస్టను అరిగిపోతుంది.

నాలుగోది కార్బొరేటరు. చాలా మిషన్ల జబ్బు ఇక్కడే ఉంటుంది. విప్పేటప్పుడు ప్రతి ముక్కనూ వరసగా ఒక పళ్ళెంలో పెట్టండి. ఏది ఎక్కడిదో కాగితం మీద బొమ్మ గీసుకోండి. కార్బొరేటరు కడిగే మందు డబ్బాల్లో దొరుకుతుంది. దానితో జెట్టు కడిగి గాలి కొట్టించండి. ఇనప తీగ మాత్రం గుచ్చకండి. బెజ్జం పెద్దదైతే పెట్రోలు లెక్క తప్పుతుంది. లోపలి పల్చటి రబ్బరు రేకు బిరుసెక్కితే మార్చాలి.

ఇక సైలెన్సరులో పేరుకున్న మసి గీకండి. తెగబోయే తాడు మార్చండి. ఇవన్నీ చేసినా కదలకపోతే పిస్టను, రింగులు చూడాలి. అది చెయ్యి తిరిగిన మేస్త్రీ దగ్గర నేర్చుకోవాల్సిన పని.

లేతు పని, వెల్డింగు కావాలంటే విజయవాడలో జవహర్ ఆటోనగర్ ఉంది. అది 1966లో ఏర్పడింది. లారీల బాడీలు కట్టే చోటుగా దానికి పేరు. ఉయ్యూరు, గుడివాడ వైపు నుంచి వెళ్ళేవారు మూడు నాలుగు పనులు కలిపి ఒకేసారి వెళ్తే బస్సు ఛార్జీ కలిసొస్తుంది. పాత ముక్కను సంచిలో వేసుకుని వెళ్ళండి. అచ్చం అలాంటిదే అడగవచ్చు.

ఇంజనును మూసిన గదిలో నడపకండి. పొగలో వాసన లేని విష వాయువు ఉంటుంది. అది ప్రాణం తీస్తుంది. గడ్డి కోసే మిషను తిప్పి చూసేటప్పుడు కళ్ళద్దాలు, బూట్లు వేసుకోండి. బ్లేడు తగిలితే రాయి కూడా తూటాలా లేస్తుంది. చుట్టూ 50 అడుగుల లోపల పిల్లలు ఉండకూడదు. బ్లేడు ముట్టుకునే ముందు ప్లగ్గు తొడుగు లాగెయ్యండి.

ఆయిలు లెక్క

వీపున మోసే మందు మిషన్లలో చాలా వాటిది రెండు స్ట్రోకుల ఇంజను. దీనికి విడిగా ఆయిలు గది ఉండదు. పెట్రోలులోనే ఆయిలు కలపాలి. ఆ ఆయిలే పిస్టనును కాపాడుతుంది. ఆయిలు కలపకుండా వట్టి పెట్రోలు పోస్తే కొద్దిసేపట్లోనే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. వేల రూపాయల మిషను తుక్కు అవుతుంది.

ఎంత కలపాలో ట్యాంకు మీదో, పుస్తకంలోనో ఉంటుంది. ఆ రాత తరచు ఇంగ్లీషులో ఉంటుంది. అయినా భయం లేదు. అంకెలు మనం చదవగలం.

25 : 1 అని ఉంటే లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్లు.
40 : 1 అని ఉంటే లీటరుకు 25 మిల్లీలీటర్లు.
50 : 1 అని ఉంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు.

కొన్ని మిషన్లది నాలుగు స్ట్రోకుల ఇంజను. వాటికి ఆయిలు గది వేరే ఉంటుంది. వాటి పెట్రోలులో ఆయిలు కలపకూడదు. కాబట్టి ఊహించకండి, చదవండి.

విషం ఉన్న ట్యాంకు

మందు కొట్టే మిషనులో మరో ప్రమాదం ఉంది. దాని మందు ట్యాంకులో విషం మిగిలి ఉంటుంది. మందు డబ్బాల మీద రంగు గుర్తు చూసే ఉంటారు. ఎరుపు అన్నిటికంటె ప్రమాదం. తర్వాత పసుపు, తర్వాత నీలం. ఆకుపచ్చ తక్కువ ప్రమాదం. పాత మిషనులో ఏ రంగు మందు పోశారో మనకు తెలియదు. అందుకని ఎరుపే పోశారనుకుని జాగ్రత్త పడాలి.

చేతికి రబ్బరు తొడుగులు వేసుకోండి. నాజిలు పూడుకుంటే నోటితో ఊదకండి. చాలామంది చేసే తప్పు ఇదే. పాత పళ్ళ బ్రష్షు వాడండి. ట్యాంకును మూడుసార్లు కడగండి. ఆ నీళ్ళు పంట కాలవలో పొయ్యకండి. మన మంచినీళ్ళ చెరువు నింపేది ఆ కాలవే. చెరువులకు, బావులకు దూరంగా ఉన్న చేలో చల్లండి. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

కలుపు మందు సంగతి ఇంకా చెడ్డది. వరిలో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడతారు. అది వరిని ఏమీ చెయ్యదు. కాని అదే ట్యాంకుతో మినుముకు పురుగు మందు కొడితే, మిగిలిన కలుపు మందు తగిలి మినుము ఆకులు మెలికలు తిరుగుతాయి. మీ దగ్గర మిషను కొన్న రైతు పంట పోతుంది. అందుకని బట్టల సోడా కలిపిన నీళ్ళు ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచండి. గొట్టం గుండా కూడా ఆ నీళ్ళు పోనివ్వండి. పొద్దున మంచినీళ్ళతో కడగండి. ఇంతకు ముందు కలుపు మందు పోసిన మిషను అని తెలిస్తే, కొనేవారికి ఆ మాట చెప్పి అమ్మండి.

లాభం ఎంత?

ఒక లెక్క చూద్దాం. ధరలు ఊరిని బట్టి మారతాయి. ఇది లెక్క నేర్చుకోవడానికి మాత్రమే.

పాత మిషను కొన్నది 1500 రూపాయలు.
ప్లగ్గు 120, ఫిల్టరు 80, గొట్టం 60, తాడు 40.
పెట్రోలు, ఆయిలు 100. ఛార్జీలు 100.
ఖర్చు మొత్తం 500. పెట్టుబడి మొత్తం 2000.
అమ్మింది 3000. మిగిలింది 1000 రూపాయలు.

బాగుందే అనిపిస్తుంది. కాని ఆగండి. ఇలాంటివే మూడు కొన్నారనుకోండి. రెండు బాగుపడ్డాయి. 2000 మిగిలింది. మూడోదాని పిస్టను పట్టేసింది. 1500 పెట్టి కొన్నదాన్ని తుక్కు కింద 300కి వేశారు. నష్టం 1200. మూడింటి మీద మీకు మిగిలింది 800 రూపాయలే. పద్దు రాయకపోతే రెండు మిషన్ల లాభం గుర్తుంటుంది, మూడోదాని నష్టం మరిచిపోతాం. అందుకే ప్రతి మిషనుకూ ఒక పేజీ పెట్టండి. అప్పు చేసి మిషన్లు కొనకండి. ఒకటి అమ్మాక ఇంకొకటి కొనండి. పొలం పని, కూలి పని మానుకుని దీని మీదే ఆధారపడకండి.

అమ్మేటప్పుడు

కొనేవారి ఎదుటే తాడు లాగి చూపించండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూపించాలి. ముందే వేడి చేసి పెడితే ఏ మిషనైనా తేలిగ్గా కదులుతుంది. అది మోసం. ఏం మార్చారో, ఏం మార్చలేదో చెప్పండి.

చివరగా ఒక చిన్న పని. తెల్ల కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలతో ఇలా రాసి ట్యాంకు మీద అంటించండి:

"లీటరు పెట్రోలుకు 40 మి.లీ. ఆయిలు కలపాలి. పని అయ్యాక పెట్రోలు తీసెయ్యాలి."

అంకె మాత్రం ఆ మిషనుకు తగింది వెయ్యండి. పైన ప్లాస్టిక్ టేపు వేస్తే తడవదు. పెట్రోలు తీసేశాక ఇంజను దానంతట అది ఆగిపోయేదాకా నడపమని కూడా చెప్పండి. అప్పుడు కార్బొరేటరులో చుక్క మిగలదు. వచ్చే భాద్రపదానికి ఆ మిషను రెండు మూడు లాగులకే కదులుతుంది.

ఆ చీటీ ఖరీదు రూపాయి కూడా ఉండదు. దాన్ని చదివి ఒక రైతు తన మిషనును కాపాడుకుంటాడు. ఆ రైతు పొరుగూరి వారికి మీ పేరు చెబుతాడు.

ఆలోచించండి, చెప్పండి

1. మీ ఊళ్ళో మూలపడ్డ మిషన్లు ఎన్ని ఉన్నాయి? అవి ఎందుకు ఆగిపోయాయి?
2. 40 : 1 అని రాసిన మిషనుకు 3 లీటర్ల పెట్రోలులో ఎంత ఆయిలు కలపాలి?
3. మందు ట్యాంకు కడిగిన నీళ్ళు కాలవలో ఎందుకు పొయ్యకూడదు?
4. మీ ఇంట్లో ఉన్న ఒక మిషనుకు తెలుగులో చీటీ రాసి అంటించండి.