రొయ్యల వేటకు వెళ్లే గుర్రం

నేను పశువైద్యుణ్ని. మలక్‌పేటలో పరుగెత్తే రేసు గుర్రాలే చాలాకాలం నాకు తెలిసిన గుర్రాలు. సుమారు 500 కిలోల బరువు, సన్నని కాళ్లు, వెనక్కి వాలిన పొడవాటి భుజం, చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే నైజం. బెల్జియం తీరంలోని ఓస్ట్‌డైన్‌కెర్కలో బ్రబాంట్ గుర్రాన్ని చూశాక, లాగుడు గుర్రం సంగతి పూర్తిగా వేరని అర్థమైంది.

అక్కడ ఆటు వేళకు జాలరి పసుపుపచ్చ కోటు తొడుక్కుని గుర్రమెక్కి సముద్రంలోకి దిగుతాడు. రొమ్ములోతు నీళ్లలో గుర్రం ఒడ్డు వెంబడి నడుస్తూ గరాటులాంటి వలను లాగుతుంది. వల మూతి మూసుకుపోకుండా రెండు చెక్కపలకలు ఉంటాయి. ఇసుక మీద ఈడ్చుకొచ్చే గొలుసు అదురుకు రొయ్యలు ఎగిరి వలలో పడతాయి. పట్టినవన్నీ గుర్రానికి రెండు పక్కలా వేలాడే బుట్టల్లోకి చేరతాయి. 2013లో యునెస్కో ఈ వేటను సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

రేసు గుర్రం ఈ పనికి సరిపోదు. లాగడమంటే ముందుకు ఒరిగి ఒంటి బరువంతా పట్టెడ మీద మోపడం. బ్రబాంట్ టన్నుకు అటూ ఇటూగా తూగుతుంది. దాని భుజం నిటారుగా ఉంటుంది కనుక, మెత్త కూరిన పట్టెడ ఊపిరిగొట్టాన్ని నొక్కకుండా భుజాల మీద కుదురుకుంటుంది. మన ఎద్దుకు కాడి ఆనడానికి మూపురం ఉంది, గుర్రానికి అది లేదు. బ్రబాంట్ బలమంతా వెనక కాళ్లలో, దిట్టమైన పిరుదుల్లో ఉంటుంది. అల వచ్చి మీద పడ్డా బెదరని నిదానం దీని అసలు గుణం.

వైద్యంలోనూ తేడా ఉంది. రేసు గుర్రానికి కిలోకింత అని ఇచ్చే లెక్కన దీనికి మత్తుమందు ఇస్తే మోతాదు మించిపోతుంది. బరువు చూసి దాణా పోసినా కొవ్వు పడుతుంది. ఇక ఈ జాతిని పీడించే జబ్బు కాళ్లలో ఉంది. దట్టమైన వెంట్రుకల చాటున వాపు మొదలై, చర్మం మడతలు పడి పుండ్లవుతుంది. నయం చేసే మందు లేదు. కాళ్లు రోజూ పరీక్షించి శుభ్రంగా ఉంచాలి, నడిపించాలి. అందుకే ఇలాంటి గుర్రాన్ని ప్రదర్శనకని మేపి కొట్టంలో నిలబెట్టడం నాకు ససేమిరా నచ్చదు. లాగడానికి పుట్టిన ఒళ్లు అది, దానికి పని కావాలి.

బెల్జియంలో ఉంటున్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి ఈ వేట చూపించండి. చలికాలంలో వేట ఉండదు. మిగతా రోజుల్లో ఆటుపోట్ల వేళలు కనుక్కుని బయల్దేరండి.