బాయి నీళ్లు తోడే పంపు

పటాన్‌చెరు పక్కన రామచంద్రాపురంలోని బీహెచ్‌ఈఎల్‌ కర్మాగారం విద్యుత్ కేంద్రాలకు బాయిలర్ ఫీడ్ పంపులు తయారుచేస్తుంది. వాటి దగ్గరి చుట్టం ఒకటి సింగరేణి బొగ్గు బాయిల అడుగున తిరుగుతుంటుంది. ఫీడ్ పంపుకు శుద్ధి చేసిన నీళ్లిస్తారు. ఈ బాయి పంపుకు దక్కేవి మాత్రం బొగ్గు పొడి కలిసిన నల్లనీళ్లే.

అసలు ఆవిరి యంత్రం నిలదొక్కుకున్నదే గని నీళ్ల వల్ల. 1712లో ఇంగ్లండ్‌లోని డడ్లీ దగ్గర న్యూకోమెన్ నిలబెట్టిన యంత్రం నిమిషానికి 12 ఊపులు ఊగేది. ఊపుకు 45 లీటర్ల చొప్పున, సుమారు 46 మీటర్ల లోతు నుంచి నీళ్లు తోడేది. రైలు ఇంజను ఆ తర్వాతెప్పటికో వచ్చింది.

గట్టు మీద కూర్చుని ఎంత పీల్చినా 10 మీటర్లకు మించి నీళ్లు ఎక్కవు. గాలి పీడనం నెట్టగలిగేది అంతే. కాబట్టి పంపు కిందికి దిగాలి, అక్కడి నుంచి పైకి తొయ్యాలి. 1875లో ఆస్బర్న్ రేనాల్డ్స్ పేటెంటు పొందిన టర్బైన్ పంపు దీనికి దారి వేసింది. ఇంపెల్లర్, అంటే తిరిగే రెక్కల చక్రం, విసిరిన నీటిని కదలని రెక్కల మధ్య నెమ్మదింపజేస్తే ఆ వేగం పీడనమవుతుంది. ఒకే షాఫ్టుకు ఇలాంటి ఇంపెల్లర్లు వరసగా బిగిస్తే ఒకదాని పీడనానికి ఇంకొకదానిది తోడవుతుంది.

సింగరేణిలో 1889లో తవ్వకం మొదలైంది. అక్కడ ఇసుకరాయి పొరల్లోంచి నీరు ఊరుతుంది, వానాకాలం పగుళ్లలోంచి దిగుతుంది. పల్లానికి, అంటే డిప్ వైపు, చేరిన నీటిని చిన్న పంపులు సంపులోకి తోలితే పెద్ద పంపు పైకి పంపుతుంది. 200 మీటర్ల లోతు నుంచి నిమిషానికి 1,000 లీటర్లు ఎత్తడానికి లెక్క ప్రకారం 33 కిలోవాట్లు చాలు. పంపులో, మోటారులో పోయేది కలిపితే 50 దాకా పడుతుంది. బొగ్గు తవ్వినా తవ్వకపోయినా ఈ కరెంటు ఖర్చు తప్పదు.

పంపులోంచి షాఫ్టు బయటికొచ్చే గ్లాండ్ దగ్గర నీళ్లు చుక్క చుక్కగా కారుతుంటే కొత్తవాళ్లు దాన్ని లీకేజీ అనుకుంటారు. ఆ చుక్కలే ప్యాకింగును చల్లబరుస్తాయి. పూర్తిగా బిగిస్తే షాఫ్టు వేడెక్కి దానిపై గీతలు పడతాయి. పైకొచ్చిన నీటిలోని మడ్డిని తొట్లలో పేరుకోనిచ్చి, తేట నీటిని చెరువులకు వదులుతారు. మన గోదావరి బొగ్గులో గంధకం తక్కువ కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఈశాన్య గనుల్లోలా నీరు ఆమ్లంగా మారే బెడద తక్కువ.

ఊటకు పంపు చాలు, ఉప్పెనకు చాలదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు విరుచుకుపడి 17 మంది కార్మికులు చనిపోయారు. నీళ్లు నిలిచి ఉండే పాత తవ్వకాలకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే ముందస్తు అనుమతి ఉండాలని, ముందుగా బోర్లు వేసి చూసుకోవాలని నిబంధనలున్నది ఇందుకే. పెద్ద పంపు కొనేముందు మూసేసిన బాయిల మ్యాపులు సరిచూసుకోవాలి.