పొట్ట పేచీ పెట్టినా... నడక ఆపొద్దు!

పొద్దున్నే విశాఖ బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ కాసేపూ రోడ్డంతా నడిచేవాళ్లదే. హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ, నెక్లెస్ రోడ్డు మీదా అదే సందడి. సరిగ్గా ఆ టైముకే ఇంట్లో ఆగిపోయేవాళ్లూ తక్కువేం కాదు. వాళ్లది బద్ధకం కాదు, భయం. రెండుసార్లు బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా, షూ లేసు కట్టుకునేసరికి కడుపులో మళ్లీ మెలిపెడుతుంది. 'దారి మధ్యలో వస్తే ఎలా?' అనుకుంటూ షూ విప్పేస్తారు.

ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్), అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్, ఎసిడిటీ... పేరేదైనా, ఏళ్లతరబడి వదలని పొట్ట బాధ ఉన్నవాళ్ల మాట ఒకటే: 'ముందు కడుపు కుదుటపడనీ, వ్యాయామం సంగతి తర్వాత చూద్దాం.' డాక్టర్లు మాత్రం ఒంటికి తగ్గ మోతాదులో కదలడం కూడా చికిత్సలో భాగమేనంటున్నారు.

పేగు పూతతోనే పతకాలు

బ్రిటన్ రోయింగ్ దిగ్గజం స్టీవ్ రెడ్‌గ్రేవ్‌కు 1992లో అల్సరేటివ్ కొలైటిస్ ఉందని తేలింది. పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడి, విరేచనంలో రక్తం పోయే జబ్బది. ఆ ఏడాదే బార్సిలోనాలో స్వర్ణం గెలిచాడు. 1996లో ఇంకొకటి. 1997లో మధుమేహం కూడా వచ్చిపడింది. అయినా 2000లో సిడ్నీలో, 38 ఏళ్ల వయసులో, వరుసగా ఐదో ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం అందుకున్నాడు.

అమెరికా ఈతగత్తె క్యాథ్లీన్ బేకర్‌కు టీనేజీలోనే క్రోన్స్ బయటపడింది. ఇదీ పేగులు వాచే జబ్బే. సాధనను ఒంటికి తగ్గట్టు మలుచుకుని, 2016 రియో ఒలింపిక్స్‌లో వంద మీటర్ల బ్యాక్‌స్ట్రోక్‌లో రజతం, మెడ్లే రిలేలో స్వర్ణం తెచ్చింది. 2018లో అదే బ్యాక్‌స్ట్రోక్‌ను 58.00 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు సృష్టించింది.

మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాలర్ డారెన్ ఫ్లెచర్ అనుభవం వేరు. కొలైటిస్‌ను చాలాకాలం తోటి ఆటగాళ్ల దగ్గర దాచి, ఏవో సాకులు చెప్పేవాడు. 2011 డిసెంబరులో ఆటకు విరామం ఇచ్చాకే విషయం లోకానికి తెలిసింది. 2013లో ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మైదానంలో దిగాడు. జబ్బు కన్నా దాన్ని దాచడానికి పడ్డ పాట్లే ఎక్కువ అనిపించే కథ మన చుట్టుపక్కలా ఎందరిదో.

వీళ్లెవరూ మందులు మానేసి వ్యాయామంతో నెగ్గుకొచ్చినవాళ్లు కారు. చికిత్స తీసుకుంటూనే, జబ్బు తిరగబెట్టినప్పుడు ఆగి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టారు.

నడిస్తే మేలు... పరిగెత్తితే?

స్వీడన్ పరిశోధకులు 102 మంది ఐబీఎస్ రోగుల మీద 12 వారాలు అధ్యయనం చేసి, 2011లో ఫలితాలు ప్రచురించారు. వారానికి మూడు నుంచి ఐదు రోజులు, 20 నుంచి 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కేలా కదిలినవాళ్లకు బాధలు తగ్గాయి. లక్షణాలు ముదిరినవాళ్లు మాత్రం, వ్యాయామం చేసినవాళ్లలో కన్నా ఎప్పటిలాగే ఉండిపోయినవాళ్లలో ఎక్కువ. తేలికపాటి వ్యాయామంతో పేగుల్లోని గ్యాస్ త్వరగా కదిలి, ఉబ్బరం తగ్గుతుందని బార్సిలోనా పరిశోధకులు కూడా గమనించారు.

శ్రుతి మించితే అదే వ్యాయామం పొట్టకు శత్రువు. ఆయాసపడేలా పరిగెత్తేటప్పుడు రక్తం కండరాలకూ చర్మానికీ మళ్లుతుంది. పేగులకు వెళ్లే రక్తం 80 శాతం దాకా పడిపోవచ్చు. పైన ఎండ, లోపల నీటి కొరత తోడైతే కడుపునొప్పి, వికారం, విరేచనాలు తప్పవు. 2005 లండన్ మారథాన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్ అంతటి రన్నర్ కూడా కడుపు ఇబ్బందితో దారి పక్కన ఆగాల్సి వచ్చింది. ఆ రేసు గెలిచింది ఆమే. పరుగుకు ముందు మోకాళ్ల నొప్పికని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేసుకునేవాళ్లు పేగులను ఇంకాస్త దెబ్బతీసుకుంటున్నట్టే.

టైమూ... తిండీ

కాఫీ పడగానే, టిఫిన్ తినగానే పెద్దపేగు చురుగ్గా కదలడం సహజం. పొద్దున ఇబ్బందిపడేవాళ్లు కాఫీ తాగాక అరగంటో గంటో ఇంటిపట్టునే ఉండి, ఆ పని ముగించుకుని బయల్దేరితే సగం బెంగ తీరుతుంది. అప్పటికీ కుదరకపోతే సాయంత్రం నడవొచ్చు.

ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం రూపొందించిన 'లో ఫాడ్‌మ్యాప్' ఆహార పద్ధతి ఐబీఎస్‌లో చాలామందికి పనిచేస్తోంది. పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టించే పదార్థాలను కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిరిగి చేర్చుతూ ఏది పడట్లేదో కనిపెట్టడం దీని కిటుకు. మన వంటింట్లో అనుమానితులు ఉల్లిపాయ, వెల్లుల్లి, శనగపిండి, పాలు, గోధుమ. అన్నం మీద పెద్దగా ఫిర్యాదు లేదు. పాలు పడనివాళ్లలో కొందరికి పెరుగు పడుతుంది. ఇదంతా డైటీషియన్ చెప్పినట్టు చేయాలి. జీవితాంతం ఉల్లి మానేయమని దానర్థం కాదు.

ఎసిడిటీ ఉన్నవాళ్ల లెక్క వేరు. పొట్ట నిండుగా ఉన్నప్పుడు బరువులెత్తినా, శీర్షాసనం వేసినా ఆమ్లం గొంతులోకి తన్నుకొస్తుంది. భోజనం చేశాక నెమ్మదిగా పది నిమిషాలు నడవడం మంచిది. రాత్రి భోజనానికీ పడకకీ మధ్య మూడు గంటలు ఉండాలి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ప్యాంటోప్రజోల్‌ను ఏళ్లకేళ్లు పరగడుపున మింగడం పరిష్కారం కాదు.

కొలైటిస్, క్రోన్స్ రోగులకు రక్తహీనత మామూలే. కాస్త నడిస్తేనే ఆయాసం వస్తుంటే ముందు హిమోగ్లోబిన్, ఐరన్ చూపించుకోవాలి. స్టెరాయిడ్లు ఎక్కువకాలం వాడితే ఎముకలు పలచబడతాయి కాబట్టి, జబ్బు అదుపులో ఉన్నప్పుడు తేలికపాటి బరువులు ఎత్తడం మేలు. విరేచనాలు, జ్వరం ఉన్న రోజుల్లో విశ్రాంతే వ్యాయామం. అప్పుడు కావాల్సింది ఓఆర్‌ఎస్.

పార్కులో టాయిలెట్ ఏదీ?

పొట్ట బాధ ఉన్నవాళ్లు దారిని దూరాన్ని బట్టి కాదు, టాయిలెట్‌ను బట్టి ఎంచుకుంటారు. పెట్రోలు బంకు ఎక్కడుంది, హోటల్ ఎన్నింటికి తెరుస్తారు అన్నది వాళ్లకు కంఠతా వచ్చు. ఆడవాళ్లకు ఈ తిప్పలు మరీ ఎక్కువ. ఐబీఎస్ ఎక్కువగా ఉన్నదీ వాళ్లలోనే. పార్కులకు ఓపెన్ జిమ్‌లు తెచ్చిన మున్సిపాలిటీలు తెల్లవారుజామున తాళం తీసి ఉండే, నీళ్లొచ్చే టాయిలెట్‌కు కూడా అంతే ప్రాధాన్యమివ్వాలి.

మలంలో రక్తం, నల్లటి విరేచనం, కారణం లేకుండా బరువు తగ్గడం, నిద్రలోంచి లేపే విరేచనాలు, నలభై అయిదు దాటాక విరేచనం తీరులో కొత్తగా మొదలైన మార్పు... వీటిలో ఏది కనిపించినా నడక, ఆహార ప్రయోగాలు పక్కనపెట్టి వెంటనే గ్యాస్ట్రో ఎంటరాలజిస్టును కలవాలి. జబ్బేమిటో ఇప్పటికే తేలినవాళ్లు ఈసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 'ఏం తినాలి?'తో ఆగకుండా, 'నేనెంత నడవొచ్చు, ఎప్పుడు ఆపాలి?' అని కూడా అడిగి చీటీ మీద రాయించుకోండి.