సుత్తి కోసం వెతికితే నిధి!

మెటల్ డిటెక్టర్ అనగానే మనకు సినిమా హాలు గేటో, రైల్వే స్టేషనో గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో మాత్రం చాలామందికి సెలవు రోజున దాన్ని పట్టుకుని పొలాల్లో తిరగడం ఒక సరదా. ఆ యంత్రం పుట్టుక, ఆ సరదాలోంచి పుట్టిన కథలు కొన్ని...

తొలి ప్రయత్నం విఫలం: 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌పై కాల్పులు జరిగాయి. ఒంట్లో దిగిన తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ లోహాన్ని పసిగట్టే ఒక యంత్రం తయారుచేశాడు. మంచంలోని లోహపు స్ప్రింగులు అడ్డుపడి తూటా జాడ తెలియలేదు. అధ్యక్షుడు బతకలేదు కానీ, యంత్రం బతికింది.

అనుకోని అదృష్టం: 1992 నవంబరులో సఫోక్ ప్రాంతంలోని హాక్సన్ గ్రామంలో ఓ రైతు పొలంలో సుత్తి పారేసుకున్నాడు. డిటెక్టర్‌తో వెతికిపెట్టడానికి వెళ్లిన మిత్రుడు ఎరిక్ లాస్‌కు దాదాపు 15 వేల రోమన్ నాణేలు, బంగారు నగలు, వెండి సామాను తగిలాయి. విలువ 17.5 లక్షల పౌండ్లని తేల్చారు. తర్వాత సుత్తీ దొరికింది. ఇప్పుడు నిధితో పాటు అదీ బ్రిటిష్ మ్యూజియంలోనే ఉంది!

ఒకే కుండలో 52,503: 2010లో సోమర్‌సెట్‌లోని ఫ్రూమ్ దగ్గర డేవ్ క్రిస్ప్‌కు కుండ అంచు కనిపించింది. ఆయన తవ్వడం ఆపేసి పురావస్తు శాస్త్రజ్ఞులకు కబురు పెట్టాడు. వాళ్లు పొరలు పొరలుగా తీస్తే 160 కిలోల నాణేలు బయటపడ్డాయి. అన్నిటికన్నా తర్వాతి కాలపు నాణేలు పైన ఉండాల్సింది పోయి, ఎక్కువగా సగానికి కిందే ఉన్నాయి. అంటే ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ము కాదు, ఒకేసారి పోసినది. దేవతలకు సమర్పణ కావచ్చని ఒక అంచనా. ఆత్రంగా గుప్పిళ్లతో తీసేసి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

30 ఏళ్ల ఓపిక: పూర్వం ఓ పొలంలో వెండి నాణేలు కనిపించాయన్న మాట పట్టుకుని రెగ్ మీడ్, రిచర్డ్ మైల్స్ జెర్సీ దీవిలో మూడు దశాబ్దాలు వెతికారు. 2012లో ఫలితం దక్కింది. దాదాపు 70 వేల నాణేలు ఒకే ముద్దగా అతుక్కుపోయి ఉన్నాయి. కెల్టిక్ నాణేల నిధుల్లో ఇదే అతి పెద్దది. ఒక్కొక్కటిగా విడదీసే పని 2017లో గానీ పూర్తి కాలేదు.

చిన్న నాణెం, పెద్ద ధర: 2021లో డెవన్‌లోని ఒక పొలంలో మూడో హెన్రీ రాజు కాలపు బంగారు పెన్నీ దొరికింది. మరుసటి ఏడాది వేలంలో 6,48,000 పౌండ్లు పలికింది.

ఖరీదైన అబద్ధం: 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరికి వైకింగుల నాటి నిధి దొరికింది. చట్టప్రకారం చెప్పకుండా గుట్టుగా అమ్ముకోబోయారు. సుమారు 300 నాణేలు ఉండి ఉంటాయని అంచనా కాగా, అప్పట్లో అధికారుల చేతికి వచ్చినవి 31 మాత్రమే. 2019లో కోర్టు ఒకరికి పదేళ్లు, మరొకరికి ఎనిమిదిన్నరేళ్లు జైలు వేసింది. అప్పీలులో శిక్ష తగ్గింది. నిజం చెప్పి ఉంటే జైలు బదులు బహుమానం వచ్చేది.

మన దగ్గర: 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో తెలంగాణ వారసత్వ శాఖ తవ్వకాల్లో ఒక కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. అవి ఇక్ష్వాకుల కాలంనాటివి. పద్ధతి ప్రకారం తవ్వారు కాబట్టి ఏ పొరలో, వేటి పక్కన ఉన్నాయో నమోదైంది. గుప్తనిధుల పేరిట రాత్రిపూట గుళ్లు తవ్వేవాళ్లు చెరిపేసేది సరిగ్గా ఆ వివరాలనే.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలి. మీ నాగలికి కుండ తగిలితే అక్కడే ఆగండి. నాణేలను తోమకండి, పంచుకోకండి. ముందు అధికారులకు చెప్పండి.