అమ్మ చదువు బిడ్డకు మందు ఎలా అవుతుంది?

పిల్లాడికి మోషన్స్ పట్టుకున్నాయి. అమ్మ మెడికల్ షాపుకెళ్లి "ఓఆర్ఎస్ ఇవ్వండి భాయ్" అంటుంది. షాపతను ఒక రంగుల డబ్బా చేతిలో పెడతాడు. దాని మీద ఓఆర్ఎస్ అని పెద్ద అక్షరాలు ఉంటాయి. లోపల ఉండేది మాత్రం చక్కెర ఎక్కువగా కలిపిన పానీయం. మొన్నమొన్నటి దాకా చాలాచోట్ల ఇదే జరిగింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఓఆర్ఎస్‌కు లెక్క చెప్పింది. లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, ఇంకా పొటాషియం, సిట్రేట్ లవణాలు. చక్కెర ఈ లెక్క బాగా దాటితే ఒంట్లోని నీరు పేగుల్లోకి వచ్చేస్తుంది. విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. హైదరాబాద్‌కు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, ఇలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశించింది.

మంచిదే. కానీ అసలైన ప్యాకెట్ దొరికినా పని అయిపోదు. పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసు నీళ్లలో మొత్తం పోసేస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకే ప్రమాదం. కలిపింది 24 గంటల్లోపు వాడాలి. జింక్ మాత్రలు మోషన్స్ ఆగినా డాక్టర్ చెప్పినన్ని రోజులు వేయాలి. ఇవన్నీ ప్యాకెట్ మీద, చీటీ మీద రాసే ఉంటాయి. చదివేవాళ్లు కావాలి, అంతే.

ఇది డబ్బున్న ఇళ్ల సంగతి కదా అనిపించవచ్చు. నేను కామర్స్ చదివినవాణ్ని, ముందు లెక్కలే చూస్తాను. 2010లో లాన్సెట్ వైద్య పత్రికలో 175 దేశాల అధ్యయనం వచ్చింది. ఆదాయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. 1970 నుంచి 2009 మధ్య ఐదేళ్లలోపు పిల్లల మరణాల్లో 82 లక్షల తగ్గుదల కనిపిస్తే, అందులో 42 లక్షలు ఆడవాళ్ల చదువు పెరగడం వల్లేనని అంచనా వేశారు. అంటే సగానికి పైనే.

కారణం అక్షరాలు రావడం ఒక్కటే కాదు. 1979లో నైజీరియా తల్లుల గురించి రాసిన పరిశోధకుడు జాన్ కాల్డ్‌వెల్ ఇంకో సంగతి గమనించారు. చదువుకున్న తల్లికి ఇంట్లో మాట చెల్లుతుంది. బిడ్డ కళ్లు లోపలికి పోయాయి, మూత్రం రావట్లేదు అనుకోండి. అత్తగారు చెప్పేదాకా, భర్త డ్యూటీ నుంచి వచ్చేదాకా ఆగదు. దవాఖానాకు బయల్దేరుతుంది. డాక్టర్‌ను ప్రశ్న అడుగుతుంది.

ఇప్పుడు మన ఇళ్ల వైపు చూద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవారు తెలంగాణలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. పదో తరగతి తర్వాత "ఇక చాల్లే బేటీ" అన్నప్పుడు ఆగేది ఆ అమ్మాయి చదువొక్కటే కాదు. రేపు ఆమె ఒళ్లో ఉండే బిడ్డకు అందాల్సిన కాపలా కూడా.

ఓఆర్ఎస్ ప్యాకెట్ ఆశా కార్యకర్త దగ్గర, బస్తీ దవాఖానాలో ఉచితంగానే దొరుకుతుంది. దాని మీద రాసింది చదివి, సరిగ్గా కలిపి, బిడ్డకు తాగించే చెయ్యిని మాత్రం మనమే తయారు చేసుకోవాలి. అది మన అమ్మాయిని బడికి పంపడంతోనే మొదలవుతుంది.