మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు అమెరికా వీసా: ప్రచలిత వేతనం చెప్పే లెక్క

ఇంగ్లీషు తెలిసి, వేగంగా టైపు చేయగల యువతీ యువకులకు అమెరికా ఆసుపత్రిలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఉద్యోగం ఇప్పిస్తామని, వీసా కూడా తామే చూసుకుంటామని, ముందుగా కొంత సొమ్ము కడితే చాలునని ఎవరైనా చెప్పినప్పుడు, ఆ కుటుంబం జీతమెంత అని అడగడం సహజం. ఏజెంటు ఒక అంకె చెబుతాడు. దానిని రూపాయలలోకి మార్చి చూసుకుంటే కళ్ళు చెదురుతాయి. కానీ అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. ఆ పనికి, ఆ ఊరిలో, అమెరికా ప్రభుత్వ లెక్క ప్రకారం ప్రచలిత వేతనం ఎంత? ఈ ప్రశ్నకు కాగితంపై జవాబు చూపలేనివాడి చేతికి పొలం తాకట్టు పెట్టి తెచ్చిన సొమ్మును అప్పగించడం క్షేమం కాదు.

వైద్యుడు రోగిని పరీక్షించిన తరువాత నోటితో చెప్పి రికార్డు చేసిన మాటలను విని, వాటిని తప్పులు లేని నివేదికగా టైపు చేయడమే మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్. 1990ల చివరి సంవత్సరాలలోను, 2000ల ఆరంభంలోను ఈ పని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాలకు విరివిగా వచ్చింది. అక్కడ రాత్రి అయితే ఇక్కడ పగలు కనుక, సాయంత్రం వైద్యుడు చెప్పినది తెల్లవారేసరికి ఆయన బల్ల మీద సిద్ధంగా ఉండేది. అయితే పని ఇక్కడికి రావడం వేరు, మనిషి అక్కడికి పోవడం వేరు. బెంగళూరులో కూర్చుని అమెరికా ఆసుపత్రికి టైపు చేసేవారికి భారతదేశపు చట్టాలే వర్తిస్తాయి. అమెరికా గడ్డ మీద, వీసాపై పనిచేసే వారికి మాత్రమే ప్రచలిత వేతన నిబంధన వర్తిస్తుంది. ఈ రెండింటినీ కలిపి మాట్లాడి మోసగించడం సులభం.

ఒక ప్రాంతంలో ఒక వృత్తిలో ఉన్నవారికి సాధారణంగా లభిస్తున్న జీతమే ప్రచలిత వేతనం. ఈ భావన అమెరికాలో కొత్తది కాదు. ప్రభుత్వ నిర్మాణ పనులలో బయటి నుండి చౌక కూలీలను తెచ్చి స్థానికుల కూలిని పడగొట్టకుండా ఉండేందుకు 1931లో డేవిస్-బేకన్ చట్టం చేశారు. హెచ్-1బి వీసాకు సంబంధించి ఈ నియమం 1990 నాటి వలస చట్టం ద్వారా వచ్చింది. విదేశీ ఉద్యోగికి తక్కువ జీతం ఇచ్చి స్వదేశీ ఉద్యోగి పొట్ట కొట్టరాదన్నది దీని అసలు ఉద్దేశం. కనుక ఇది విదేశీయుని మీద దయతో పుట్టిన నిబంధన కాదు. అయినా దాని వలన విదేశీయునికీ రక్షణ లభిస్తున్నది.

ఈ వేతనాన్ని యజమాని తన ఇష్టం వచ్చినట్లు నిర్ణయించలేడు. చాలా సందర్భాలలో అమెరికా కార్మిక గణాంకాల సంస్థ వృత్తుల వారీగా, ప్రాంతాల వారీగా సేకరించిన జీతాల వివరాలే దీనికి ఆధారం. అంకెలు ఏటా జూలై 1న మారుతాయి. ప్రాంతం మారితే అంకె మారుతుంది. హోసూరులో కూలి ధర, నలభై కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో కూలి ధర ఒకటి కానట్లే, కాలిఫోర్నియాలోని శాన్ హోసేలో ఒక వృత్తికి ఉన్న అంకె టెక్సాస్ సరిహద్దులోని మెకాలెన్‌లో ఉండదు. అందుచేత ఏ నగరంలో పని అన్నది తెలియకుండా జీతం సరైనదో కాదో చెప్పలేము. ఉద్యోగిని ఒక నగరం చూపి రప్పించి, జీతాల ప్రాంతం మారేంత దూరంలోని మరొక నగరంలో నియమించితే యజమాని వీసా దరఖాస్తును సవరించవలసి ఉంటుందని 2015లో అక్కడి వలస విభాగం స్పష్టంగా తేల్చింది.

ప్రాంతం తరువాత చూడవలసినది స్థాయి. 2004లో చేసిన చట్టం వేతనాన్ని నాలుగు స్థాయిలుగా విభజించింది. అంతకు ముందు ప్రచలిత వేతనంలో 95 శాతం ఇచ్చినా సరిపోయేది. ఆ చట్టం తరువాత నూటికి నూరు శాతం ఇవ్వవలసి వచ్చింది. ఒక వృత్తిలోని వంద మందిని జీతం తక్కువ నుండి ఎక్కువకు వరుసగా నిలబెడితే, 17వ వ్యక్తి దగ్గర మొదటి స్థాయి, 34వ వ్యక్తి దగ్గర రెండవది, 50వ వ్యక్తి దగ్గర మూడవది, 67వ వ్యక్తి దగ్గర నాలుగవది ఉండేలా కార్మిక శాఖ చాలా కాలంగా లెక్క కట్టింది. 2020 అక్టోబరులో ఈ అంకెలను బాగా పెంచారు. ఆ నియమాన్ని డిసెంబరులో న్యాయస్థానాలు కొట్టివేశాయి. 2021 జనవరిలో మరికొంత తగ్గించి తెచ్చిన నియమం కూడా అదే ఏడాది జూన్‌లో రద్దయింది. కొత్తగా పనిలో చేరేవారికి మొదటి స్థాయి, స్వతంత్రంగా బాధ్యతలు మోసేవారికి పై స్థాయిలు వర్తిస్తాయి. పదేళ్ళ అనుభవం అడిగి, మొదటి స్థాయి జీతం రాస్తే అది అనుమానించదగిన కాగితమే.

యజమాని ఇవ్వవలసినది ప్రచలిత వేతనం మాత్రమేనా? అదీ కాదు. అదే సంస్థలో అదే పని చేసే ఇతరులకు అంతకన్నా ఎక్కువ ఇస్తుంటే, ఆ ఎక్కువ మొత్తమే విదేశీ ఉద్యోగికి కూడా ఇవ్వాలి. రెండింటిలో ఏది పెద్దదైతే అది.

ట్రాన్స్‌క్రిప్షన్ విషయంలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. ఈ వృత్తిలో గంటల లెక్కన కాక, లైన్ల లెక్కన జీతం ఇచ్చే అలవాటు ఎక్కువ. ఖాళీలతో సహా 65 అక్షరాలను ఒక లైనుగా లెక్కించడం వాడుక. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాము. లైనుకు 8 సెంట్లు చొప్పున ఇస్తామని యజమాని అన్నాడనుకోండి. కొత్తగా చేరిన అమ్మాయి గంటకు 150 లైన్లు టైపు చేస్తే ఆమెకు దక్కేది 12 డాలర్లు. వీసా దరఖాస్తులో రాసిన వేతనం గంటకు 18 డాలర్లు అయితే, మిగిలిన 6 డాలర్లు కూడా యజమాని ఇవ్వవలసిందే. పూర్తి కాలపు ఉద్యోగానికి ఏడాదికి 2,080 గంటలుగా లెక్క కడతారు. అంటే ఏడాదికి 12,480 డాలర్ల తేడా. వైద్యుని ఉచ్చారణ అర్థం కాక ఆలస్యమయిందని, రికార్డింగు సరిగా లేదని చెప్పి ఆ తేడాను ఎగవేయడానికి వీలు లేదు. లైన్ల లెక్క యజమాని తన సౌకర్యానికి పెట్టుకున్న పద్ధతి మాత్రమే. దరఖాస్తులో ప్రభుత్వానికి ఇచ్చిన మాట దానికన్నా పైనున్నది.

పని లేని రోజుల సంగతి కూడా ఇంతే. ఆసుపత్రి నుండి పని రాలేదని, ఒప్పందం ఇంకా కుదరలేదని చెప్పి ఉద్యోగిని జీతం లేకుండా కూర్చోబెట్టడాన్ని సాఫ్ట్‌వేరు వారు బెంచి అంటారు. హెచ్-1బి నిబంధనల ప్రకారం అది నిషిద్ధం. ఆ వీసాపై అమెరికాలో అడుగుపెట్టిన వారికి 30 రోజులలోగా జీతం మొదలు కావాలి. ఉద్యోగి తన సొంత కారణంతో సెలవు కోరినప్పుడు మాత్రమే మినహాయింపు. అలాగే దరఖాస్తు రుసుమును, న్యాయవాదికి ఇచ్చిన ఫీజును ఉద్యోగి జీతం నుండి కోయరాదు. గడువుకు ముందే మానేస్తే జరిమానా కట్టాలనే షరతు కూడా చెల్లదు. నిజంగా జరిగిన నష్టానికి తగిన పరిహారం మాత్రం ఆయా రాష్ట్రాల చట్టాన్ని బట్టి అడగవచ్చు. జరిమానాకు, పరిహారానికి మధ్య ఉన్న గీత సన్ననిది. ఖాళీ చెక్కుల మీద, ఖాళీ బాండు కాగితాల మీద సంతకాలు అడిగే ఏజెంట్లు ఆ గీత దగ్గరే ఆడుకుంటారు.

ఇంతవరకు చెప్పినది జీతం గురించి. ఇక మూల ప్రశ్న: ఈ ఉద్యోగానికి హెచ్-1బి వస్తుందా? ఒక నిర్దిష్ట విషయంలో కనీసం బ్యాచిలర్ డిగ్రీ లేనిదే చేయలేని పనులకే ఆ వీసా. ఉద్యోగి చేతిలో డిగ్రీ ఉంటే చాలదు, ఆ పనికే డిగ్రీ అవసరమై ఉండాలి. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌కు ఉన్నత పాఠశాల తరువాత పొందే సర్టిఫికెట్ శిక్షణ సరిపోతుందని అమెరికా కార్మిక గణాంకాల సంస్థే చెబుతున్నది. కనుక ఆ పేరుతో పెట్టిన దరఖాస్తు నిలవడం బహు కష్టం. జీతం వైపు నుండి చూచినా ఇదే తేలుతుంది. ఈ వృత్తిలో మధ్యస్థ వార్షిక జీతం 2024 నాటికి సుమారు 37 వేల డాలర్లు. దేశం వెలుపల ఉన్నవారికి కొత్తగా హెచ్-1బి కోరే యజమాని లక్ష డాలర్లు చెల్లించాలని 2025 సెప్టెంబరు 21 నుండి పన్నెండు నెలలకు వర్తించేలా అమెరికా అధ్యక్షుడు ఆదేశం ఇచ్చారు. 37 వేల జీతపు మనిషి కోసం లక్ష కట్టే ఆసుపత్రి ఎక్కడ ఉంటుంది? దీనికి తోడు లాటరీలో పై వేతన స్థాయి వారికి ఎక్కువ అవకాశం ఇచ్చే నియమం 2026 ఫిబ్రవరి 27 నుండి అమలులోకి వచ్చింది. నాలుగవ స్థాయి వారి పేరు నాలుగు సార్లు, మొదటి స్థాయి వారి పేరు ఒక్కసారి లెక్కలోకి వస్తాయి.

అందువలన మోసగాళ్ళు వేరొక దారి తొక్కుతారు. కాగితంపై అనలిస్టు వంటి పెద్ద ఉద్యోగం పేరు రాసి, దానికి తగిన పెద్ద జీతం చూపి, అక్కడికి వెళ్ళిన తరువాత టైపు పని చేయిస్తారు. చూపిన ఉద్యోగం ఒకటి, చేసిన పని ఒకటి అయినప్పుడు యజమానికి శిక్ష పడవచ్చు. కానీ వీసా పోయేది ఉద్యోగికే. తెలిసి అబద్ధానికి తోడ్పడినట్లు తేలితే ముందు ముందు అమెరికా తలుపు శాశ్వతంగా మూసుకుపోయే ప్రమాదమూ ఉన్నది.

గ్రీన్‌కార్డు మార్గం ఒకటి ఉన్నది. అందులో కార్మిక శాఖ నుండి యజమాని ముందుగానే ప్రచలిత వేతన నిర్ణయ పత్రం తెచ్చుకోవాలి, స్థానికుల కోసం ప్రకటనలు ఇవ్వాలి, అర్హులు దొరకలేదని చూపాలి. కార్మిక శాఖ ధ్రువీకరణ వరకు అయ్యే ఖర్చును ఉద్యోగి నుండి వసూలు చేయరాదని 2007 నుండి నియమం. భారతదేశంలో పుట్టినవారికి ఈ వరుసలో ఏళ్ళ తరబడి నిరీక్షణ తప్పదు. అన్నేళ్ళు ఒక టైపు ఉద్యోగం ఖాళీగా ఎదురుచూస్తుందా అన్నది ఆలోచించవలసిన విషయం. మాటలను కంప్యూటరే అక్షరాలుగా మార్చే పద్ధతులు వచ్చిన తరువాత ఈ వృత్తిలో ఉద్యోగాలు తగ్గుతాయనే అక్కడి ప్రభుత్వ అంచనా.

హెచ్-1బి ఉద్యోగి భార్యగానో భర్తగానో హెచ్-4 వీసాపై ఉన్నవారిలో కొందరికి 2015 నుండి పని అనుమతి లభిస్తున్నది. అటువంటి తెలుగు ఇల్లాలు ఇంటి నుండి ట్రాన్స్‌క్రిప్షన్ చేస్తే అది చట్టబద్ధమే. కానీ ఆమెకు ప్రచలిత వేతన నియమం లేదు, సాధారణ కనీస వేతన చట్టమే వర్తిస్తుంది. 2009 నుండి దేశమంతటికీ వర్తించే కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. చాలా రాష్ట్రాలలో అంతకన్నా ఎక్కువ ఉన్నది.

హెచ్-1బి కోరే ప్రతి యజమాని ముందుగా లేబర్ కండిషన్ అప్లికేషన్ అనే పత్రాన్ని కార్మిక శాఖకు సమర్పించాలి. వృత్తి పేరు, పని చేసే చోటు, వేతన స్థాయి, ప్రచలిత వేతనం, ఇవ్వబోయే జీతం అన్నీ అందులోనే ఉంటాయి. పనిలో చేరే రోజుకైనా దాని నకలు ఉద్యోగికి అందవలసి ఉన్నది. ఆ పత్రాన్ని ఎవరైనా వచ్చి చూడగలిగేలా యజమాని ఒక దస్త్రంలో భద్రపరచాలి. ప్రచలిత వేతనాల పట్టికను కార్మిక శాఖ వెబ్‌సైటులో ఉచితంగా చూడవచ్చు. ఊరి ఇంటర్నెట్ కేంద్రంలో పది నిమిషాల పని. పత్రంలోని వృత్తి పేరు, ఏజెంటు నోటి మాట ఒకటిగా ఉన్నాయా అని పోల్చుకుంటే సగం సంగతి బయటపడుతుంది.

మన దేశంలో విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు ప్రభుత్వం వద్ద నమోదై ఉండాలి. ఆయన వసూలు చేయదగిన రుసుము 30 వేల రూపాయలు, దానిపై జీఎస్టీ. నమోదైన ఏజెంట్ల వివరాలు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఉన్నాయి. హైదరాబాదు, చెన్నై, ముంబైలలో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రంట్స్ కార్యాలయాలు ఉన్నాయి కనుక, రాయగడ వారైనా బళ్ళారి వారైనా తమకు అనువైన చోట విచారించుకోవచ్చు.

ఇప్పటికే వెళ్ళి, రాసిన జీతం అందని వారు అమెరికా కార్మిక శాఖలోని వేతన, పని గంటల విభాగానికి డబ్ల్యుహెచ్-4 అనే ఫారంపై ఫిర్యాదు చేయవచ్చు. తప్పు జరిగిన చివరి రోజు నుండి పన్నెండు నెలలలోగా చేయాలి. ఫిర్యాదు చేసినందుకు ఉద్యోగిపై కక్ష సాధించడం నిషిద్ధమని నిబంధనలో ఉన్నది. విచారణలో రుజువైతే బకాయి జీతం ఇప్పిస్తారు. జీతపు చీటీలు, టైపు చేసిన లైన్ల లెక్కలు, యజమాని పంపిన సందేశాలు ఆ విచారణలో పనికి వస్తాయి. కనుక వాటి నకళ్ళను ఇంటికి పంపి భద్రపరచుకోవాలి.